ఒకే క్యూ, రెండు టేబుళ్లు: ఒక ఆటవస్తువు చరిత్ర

ఈ పాఠం చదివిన తరువాత మీరు బిలియర్డ్స్ కుటుంబానికి చెందిన ఆటల్లో క్యూ అనే కర్ర ఎలా రూపొందిందో వివరించగలుగుతారు. స్నూకర్ క్యూకూ పూల్ క్యూకూ తేడా ఎందుకు వచ్చిందో చారిత్రక కారణాలతో చెప్పగలుగుతారు. ఒక మామూలు వస్తువును ఆధారంగా తీసుకుని వలసపాలన కాలపు సామాజిక సంబంధాలను చదవడం అలవాటు చేసుకుంటారు.

1. పరిచయం

మండపేటలో ఉంటూ, పగలు రైస్‌మిల్లులో లెక్కలు రాస్తూ, దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఊహించుకోండి. పనిమీద రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు అక్కడ పార్లర్‌లో స్నూకర్ ఆడతాడు. కాకినాడలో స్నేహితులను కలిసినప్పుడు పూల్ ఆడతాడు. రెండుచోట్లా గోడకు ఆనించి ఉన్న కర్రల్లో సగం వంకరవి; టిప్పు అరిగి, చివర గుండుసూదిలా నున్నబడినవి. ఇక సొంత క్యూ కొనుక్కోవాలనుకున్నాడు. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. రెండు ఆటలకూ పనికివచ్చే కర్ర ఏది?

ఇది దుకాణంలో తేలవలసిన ప్రశ్న కదా, చరిత్ర పాఠంలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. అయితే దుకాణదారు "ఇది స్నూకర్‌ది, అది పూల్‌ది" అని వేరుచేసి చూపించే రెండు కర్రల మధ్య తేడాను ఎవరూ ఒక్కరోజులో నిర్ణయించలేదు. ఫ్రాన్సులో ఒక జైలు గది, ఊటీలో ఒక క్లబ్బు, అమెరికాలో పందేలు కాసే హాళ్లు, ఏనుగు దంతాల వ్యాపారం: ఇవన్నీ కలిసి ఆ తేడాను తయారుచేశాయి. కనుక మన విద్యార్థి ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు కొన్ని శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

2. తోక కర్ర

బిలియర్డ్స్ మొదట నేలమీద ఆడిన ఆట. పదిహేనో శతాబ్దం చివరికి ఫ్రెంచి రాజాస్థానంలో అది టేబుల్ మీదికి ఎక్కింది. అప్పుడు బంతిని కొట్టడానికి వాడిన సాధనం మేస్. పొడవాటి పిడి చివర బరువైన చదును తల ఉండేది. దానితో బంతిని కొట్టడం కంటే నెట్టడమే ఎక్కువ. బంతి టేబుల్ అంచుకు ఆనుకుని నిలిచిపోతే వెడల్పాటి తల అక్కడ దూరేది కాదు. అప్పుడు ఆటగాడు మేస్‌ను తిరగేసి, సన్నని తోకవైపుతో పొడిచేవాడు. ఫ్రెంచి భాషలో తోకకు ఉన్న పేరే 'క్యూ' అయింది.

తోక తలను తోసివేయడానికి చాలాకాలం పట్టింది. క్యూతో ఆడితే గుడ్డ చిరుగుతుందన్న భయంతో కొన్ని హాళ్లలో చేయి తిరిగిన ఆటగాళ్లకు మాత్రమే దాన్ని ఇచ్చేవారు. కొత్తవారికీ స్త్రీలకూ మేసే గతి. ఒక సాధనం ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే అధికారం ఆట పుట్టుక దగ్గరే మొదలైందని గమనించండి. ఈ విషయం ముందు ముందు మళ్లీ వస్తుంది.

అసలు మలుపు 1807 ప్రాంతంలో వచ్చింది. ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాంస్వా మింగో రాజకీయ ఖైదీగా పారిస్‌లో జైలులో ఉన్నప్పుడు క్యూ కొసకు తోలు టిప్పు అమర్చే పద్ధతిని మెరుగుపరిచాడు. అంతవరకు క్యూ కొస ఉత్త కర్ర. బంతిని సరిగ్గా మధ్యలో కొట్టకపోతే జారిపోయేది. తోలు టిప్పు బంతిని ఒక్క క్షణం పట్టుకుంటుంది. దాంతో బంతికి పక్కకో వెనక్కో తిరుగుడు ఇవ్వడం సాధ్యమైంది. తరువాత టిప్పుకు చాక్ రాయడం వచ్చింది. ఇంగ్లండులో జాన్ థర్‌స్టన్ అనే తయారీదారు 1826 నాటికి టేబుల్‌కు కొయ్యకు బదులు పలకరాయి పరిచాడు; 1835లో అంచులకు రబ్బరు కుషన్లు వేశాడు. ఈ నాలుగు మార్పులూ ముప్పై ఏళ్ల లోపే జరిగాయి. ఇప్పుడు మీరు చూసే ఆట రూపం, కర్ర రూపం అప్పటివే. ఆ తరువాత వచ్చినవన్నీ కొలతల్లో మార్పులే. మన ప్రశ్న కూడా ఆ కొలతల గురించే.

3. ఊటీలో రాసిన నియమాలు

స్నూకర్ మన దేశంలో పుట్టిందని మీలో కొందరు వినే ఉంటారు. 1875లో వర్షాకాలంలో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లెయిన్ అనే పంతొమ్మిదేళ్ల అధికారి 'బ్లాక్ పూల్' అనే పందెపు ఆటకు మరికొన్ని రంగు బంతులు చేర్చాడు. (తరువాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లెయిన్ ఈయన కాదు.) సైనిక పాఠశాలలో మొదటి సంవత్సరం కుర్రవాణ్ని 'స్నూకర్' అని వెక్కిరించేవారట. బంతి తప్పిన ఆటగాణ్ని ఆ మాటతో పిలవడంతో అదే ఆటకు పేరైంది. కొన్నేళ్ల తరువాత చాంబర్లెయిన్ మద్రాసు సైన్యాధిపతి ఫ్రెడరిక్ రాబర్ట్స్ కొలువులో ఊటీ చేరాడు. అక్కడి క్లబ్బు బిలియర్డ్స్ గదిలో 1880ల తొలి సంవత్సరాల్లో ఆట నియమాలు రాతలోకి వచ్చాయి. 1885లో ఇంగ్లండు బిలియర్డ్స్ విజేత జాన్ రాబర్ట్స్ జూనియర్ మన దేశం వచ్చి, చాంబర్లెయిన్ దగ్గర ఈ ఆట తెలుసుకుని తన దేశానికి తీసుకెళ్లాడు.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. ఈ కథకు ఆధారం ఏమిటి? ముఖ్యమైన ఆధారం చాంబర్లెయిన్ స్వయంగా 1938లో 'ది ఫీల్డ్' పత్రికకు రాసిన ఉత్తరం. అంటే సంఘటనకు అరవైమూడేళ్ల తరువాత, ఎనభై దాటిన మనిషి చెప్పిన జ్ఞాపకం. అప్పటికి జీవించి ఉన్న సమకాలికులు కొందరు ఆయన మాటను బలపరిచారు కాబట్టి సాధారణంగా దాన్ని అంగీకరిస్తారు. అయినా అది జ్ఞాపకమే, దినచర్య పుస్తకం కాదన్న సంగతి మరవకూడదు.

ఇక మన డెల్టా వైపు చూద్దాం. గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మండపేట, రామచంద్రపురం ప్రాంతాల పొలాలకు కాలువ నీరు అందింది, వరి పెరిగింది, ప్రభుత్వానికి శిస్తూ పెరిగింది. ఆ ప్రభుత్వం వేసవి రాగానే ఊటీ కొండలెక్కి కూర్చునేది. డెల్టా రైతు కట్టిన పన్నుకూ ఊటీ క్లబ్బు గదిలోని పచ్చగుడ్డకూ మధ్య నేరుగా రసీదు ఏదీ దొరకదు. కానీ ఆ గదిలో ఆడినవారిలో ప్రభుత్వ జీతం మీద బతికినవారు చాలామంది. ఆ జీతం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

క్లబ్బులు తెలుగు ప్రాంతాల్లోనూ వచ్చాయి. సికింద్రాబాద్ క్లబ్బు 1878లోనూ, విశాఖపట్నంలో వాల్తేరు క్లబ్బు 1883లోనూ మొదలయ్యాయి. పందొమ్మిదో శతాబ్దం చివరలో కట్టిన హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో లండన్‌కు చెందిన బరోస్ అండ్ వాట్స్ కంపెనీ చేసిన బిలియర్డ్స్ టేబుల్ ఉంది. పలకరాయి పరిచిన నిండు కొలత టేబుల్ ఒక టన్నుకు పైగా తూగుతుంది. దాన్ని ఓడమీద తెప్పించి, గదిలో సమతలంగా నిలబెట్టించగలిగినవాడికే ఈ ఆట. వలసకాలపు క్లబ్బుల్లో చాలావాటికి భారతీయులు సభ్యులుగా పనికిరారు. పనివారుగా మాత్రం పనికివచ్చారు.

వారిలో ఒకడు మార్కర్. ఈ మాట మన క్లబ్బుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. లెక్క రాయడం, బంతులు సర్దడం, గుడ్డ బ్రష్ చేయడం, క్యూకు టిప్పు అతికించడం అతని పని. ఆడేందుకు తోడు దొరకని దొరకు ఎదురుగా నిలబడి ఆడటం కూడా అతని పనే. రోజూ ఆ టేబుల్ పక్కనే గడిపేవాడు కాబట్టి మంచి ఆటగాడయ్యేవాడు. అయితే అతను చేతపట్టిన కర్ర క్లబ్బుది. సభ్యుడి సొంత క్యూ మూతపెట్టె వేరు. దాన్ని తుడిచి, టిప్పు సరిచేసి లోపల పెట్టేది మార్కరే. క్యూ గురించి అందరికంటే బాగా తెలిసినవాడికి క్యూ ఎంచుకునే హక్కు లేదు. వలసపాలనను అర్థం చేసుకోవడానికి గనులూ రైళ్లే కాదు, ఇలాంటి చిన్న గది కూడా చాలునని ఈ రచయిత అభిప్రాయం.

స్వాతంత్ర్యం తరువాత తలుపులు కొంత తెరుచుకున్నాయి. పుణెలో పుట్టిన విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచి, ఏ క్రీడలోనైనా ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడిగా పేరు పొందాడు. 1964లో మళ్లీ గెలిచాడు. 1963లో తొలి ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీ జరిగింది కూడా కలకత్తాలోనే. 2009లో అదే పోటీకి హైదరాబాద్ వేదికైంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
అ) మేస్ స్థానంలో క్యూ రావడానికి తోలు టిప్పు ఎలా దోహదం చేసింది?
ఆ) స్నూకర్ పుట్టుక గురించిన ప్రధాన ఆధారానికి ఉన్న పరిమితి ఏమిటి?

4. పూల్ దారి వేరు

'పూల్' అంటే మొదట ఆట పేరు కాదు. ఆటగాళ్లందరూ కలిపి వేసే పందెపు సొమ్ము. చాంబర్లెయిన్ మార్చిన 'బ్లాక్ పూల్'లో ఉన్నదీ ఆ మాటే. అంటే స్నూకర్, పూల్ ఒకే ఇంటి పిల్లలు. విడిపోయింది తరువాత. అమెరికాలో ఈ ఆట క్లబ్బు గదుల్లో కాక ఊరి హాళ్లలో పెరిగింది. టేబుల్ చిన్నదైంది. స్నూకర్ టేబుల్ సుమారు 12 అడుగులైతే పూల్ టేబుల్ 9 అడుగులు, 8 అడుగులు, కొన్నిచోట్ల 7 అడుగులే. పాకెట్లు వెడల్పయ్యాయి. బంతి పెద్దదైంది.

బంతుల సంగతి కొంచెం ఆగి చూడాలి. పందొమ్మిదో శతాబ్దంలో మంచి బంతి అంటే ఏనుగు దంతపుదే. ఒక దంతం నుంచి వచ్చేవి కొద్ది బంతులే. ఎండకూ తేమకూ అవి పగిలేవి, గుండ్రదనం కోల్పోయేవి. 1863లో అమెరికాలోని ఒక బిలియర్డ్స్ కంపెనీ దంతానికి ప్రత్యామ్నాయం కనిపెట్టినవారికి పదివేల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ ప్రయత్నాల్లోంచే జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ తయారీ వచ్చింది. ప్లాస్టిక్ యుగానికి తలుపు తీసినవాటిలో బిలియర్డ్స్ బంతి ఒకటి. ఇప్పటి బంతులు ఫినాలిక్ రెజిన్‌తో చేస్తారు. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మి.మీ., అమెరికన్ పూల్ బంతి 57.15 మి.మీ. తేడా 5 మి.మీ. కూడా లేదని తోస్తుంది. కాని గోళం పరిమాణం వ్యాసం ఘనంతో పెరుగుతుంది కాబట్టి పూల్ బంతి పరిమాణంలో దాదాపు 29 శాతం పెద్దది, బరువూ ఎక్కువే.

క్యూలు విడిపోయింది ఇక్కడే. స్నూకర్‌లో చిన్న బంతిని, దూరంగా ఉన్న ఇరుకు పాకెట్‌లోకి, వెంట్రుకవాసి తేడా లేకుండా పంపాలి. అందుకు 9 నుంచి 10 మి.మీ. సన్నటి టిప్పు, కొస నుంచి పిడి దాకా క్రమంగా లావెక్కే షాఫ్ట్, కొసన ఇత్తడి ఫెర్రూల్ కుదిరాయి. పూల్‌లో బరువైన బంతిని కొట్టాలి, బ్రేక్‌లో గుంపును చెదరగొట్టాలి. అందుకు 12 నుంచి 13 మి.మీ. టిప్పు, చాలా దూరం ఒకే లావు ఉండే షాఫ్ట్, ఫైబర్‌తోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఫెర్రూల్. క్యారమ్స్ ఆడేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక స్ట్రైకర్ బరువుకు వేలు అలవాటుపడ్డాక మరో స్ట్రైకర్ ఇస్తే మొదటి పది దెబ్బలూ గురి తప్పుతాయి. బోర్డు అదే, వేలు అదే.

కొయ్యలోనూ తేడా వచ్చింది. బ్రిటిష్ సంప్రదాయంలో షాఫ్ట్‌కు యాష్ కర్ర. దాని రేఖలు పైకి బాణం ములుకుల్లా కనిపిస్తాయి. గురి చూసుకోవడానికి ఆటగాళ్లు వాటిని వాడుకుంటారు. అమెరికాలో గట్టి మేపుల్. దానికి రేఖలు దాదాపు కనిపించవు, పైభాగం నున్నగా ఉంటుంది. పిడికి నల్లటి ఎబొనీ, రోజ్‌వుడ్.

ఎబొనీ అనగానే ఆఫ్రికా గుర్తుకువస్తుంది గాని, ఆ కుటుంబం మన ఇంటి పక్కనే ఉంది. బీడీ ఆకు కోసే తునికి చెట్టు ఎబొనీ జాతిదే. దాన్ని శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి మండపేటకు ఎంతో దూరం లేని సామర్లకోటలో పనిచేశాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795లో రావడం మొదలైంది. ముదిరిన తునికి మాను లోపలి చేవ నల్లగా, ఇనుములా ఉంటుంది. అయితే రంపచోడవరం వైపు అడవుల్లో ఈ చెట్టు విలువ చేవలో కాక ఆకులో స్థిరపడింది. అదే నేలమీద కోలాటం కర్రను ఊళ్లోనే చెక్కుకునేవారు, కర్రాబిళ్ల కోసం పిల్లలు కొమ్మ విరుచుకునేవారు. క్యూ మాత్రం ఎప్పుడూ పెట్టెలో వచ్చిన వస్తువే.

5. మన విద్యార్థి ఏది కొనాలి?

నియమాలు చాలా స్వేచ్ఛ ఇస్తాయి. స్నూకర్‌లో క్యూ 3 అడుగులకు తగ్గకూడదు, సంప్రదాయ ఆకారం మారకూడదు. పూల్‌లో పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 25 ఔన్సులు మించకూడదు, టిప్పు 14 మి.మీ. దాటకూడదు. మామూలుగా అమ్మే క్యూలన్నీ 57, 58 అంగుళాల పొడవుతో రెండు నియమాల్లోనూ ఇమిడిపోతాయి. కనుక అడ్డంకి నియమంలో లేదు, బంతిలో ఉంది.

ముందు తాను ఆడే పూల్ టేబుల్ మీద ఏ బంతులున్నాయో చూసుకోవాలి. బ్రిటిష్ పద్ధతి చిన్న టేబుల్ మీద ఎరుపు, పసుపు బంతులుంటే అవి దాదాపు 51 మి.మీ.వే, స్నూకర్ బంతికంటే కాస్త చిన్నవి. అలాంటప్పుడు సందేహమే లేదు: స్నూకర్ క్యూ రెండింటికీ సరిపోతుంది. అంకెలు వేసిన పెద్ద అమెరికన్ బంతులైతేనే చిక్కు.

అప్పుడు కూడా ఈ రచయిత సలహా ఒకవైపే మొగ్గుతుంది. 13 మి.మీ. టిప్పుతో స్నూకర్ ఆడితే చిన్న బంతి మీద ఎక్కడ తగులుతోందో కంటికి ఆనదు. తప్పు దిద్దుకోవడం నేర్చుకోలేరు. 10 నుంచి 11 మి.మీ. మధ్య టిప్పుతో, 18 లేదా 19 ఔన్సుల బరువుతో ఉన్న యాష్ లేదా మేపుల్ క్యూతో పూల్ ఆడితే కొంచెం శక్తి తగ్గుతుంది, పక్క తిరుగుడు ఇచ్చినప్పుడు బంతి ఎంత పక్కకు తప్పుకుంటుందో మళ్లీ అంచనా కట్టాలి. కానీ ఆట సాగుతుంది. ఇష్టపడి కొనుక్కున్న ఆ క్యూతో పూల్ బ్రేక్ మాత్రం కొట్టకూడదు. సన్నటి కొస, ఇత్తడి ఫెర్రూల్ ఆ దెబ్బకు చేసినవి కావు. ఫెర్రూల్ వదులవుతుంది, షాఫ్ట్ చీలవచ్చు. బ్రేక్‌కు గోడకు ఆనించిన పార్లర్ కర్ర చాలు, కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఆ తరువాత సొంతది తీయాలి.

ఒకే ముక్క క్యూ కొట్టినప్పుడు చేతికి తెలిసే స్పర్శ వేరని పాతవారు అంటారు, నిజమే కావచ్చు. కానీ నాలుగున్నర అడుగులు దాటిన కర్రను మండపేట నుంచి ఆర్టీసీ బస్సులో నిలబెట్టి తీసుకెళ్లడం ఎలా ఉంటుందో ఒకసారి ప్రయత్నించినవారికి తెలుసు. జాయింటు క్యూయే తీసుకోవాలి. మధ్యలో విడిపోయేది బస్సుకు అనువు. మూడొంతుల దగ్గర విడిపోయేదానికి పొడవైన పెట్టె కావాలి గాని, షాఫ్ట్ ఎక్కువ దూరం అఖండంగా ఉంటుంది. స్నూకర్ ఎక్కువ ఆడేవారు రెండోదాన్నే కోరుకుంటారు.

దుకాణంలో రంగులు, అలంకారాలు చూడక ముందు షాఫ్ట్ ఒక్కటే చేతపట్టి, పిడివైపు నుంచి ఒక కన్ను మూసి చూడాలి, వడ్రంగి బద్ద నిటారుతనం చూసినట్టు. మెల్లగా తిప్పుతూ చూస్తే వంపు ఎక్కడుందో బయటపడుతుంది. టేబుల్ మీద దొర్లించి చూడటం చాలామంది చేసే పనే గాని, క్యూ ఒకవైపు సన్నగా ఉంటుంది కనుక అది అంత నమ్మదగ్గ పరీక్ష కాదు. రేఖలు కొస నుంచి పిడివరకు పక్కకు జారిపోకుండా సాగాలి. జాయింటు బిగించాక గాని, నేలకు మెల్లగా తట్టినప్పుడు గాని కటకట చప్పుడు రాకూడదు.

డెల్టాలో అసలు పరీక్ష కొన్న తరువాత మొదలవుతుంది. వర్షాకాలంలో కాలువల మధ్య ఊళ్లలో తలుపులు బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. షాఫ్ట్ కూడా కొయ్యే, అదీ చల్లటి దేశపు చెట్టుది. గోడకు ఆనించి వదిలేస్తే తన బరువుకే వంగుతుంది. పెట్టెలో పడుకోబెట్టి, బస్సు కిటికీ ఎండకూ వాన జల్లుకూ దూరంగా ఉంచాలి. ఆడిన ప్రతిసారీ చెమట, చాక్ పొడి పొడిగుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే నున్నగా వస్తుంది గాని, ప్రతిసారీ కొంత కొయ్య పోతుంది. కొస క్రమంగా సన్నబడుతుంది. టిప్పు అరిగినప్పుడు కొత్తది అతికించి, అంచులు కోసి, గుండ్రంగా మలచడం సొంతంగా నేర్చుకోవచ్చు. మొదటిసారి మాత్రం పార్లర్‌లో ఏళ్ల తరబడి ఆ పనిచేస్తున్నవారి చేత చేయించి, పక్కన నిలబడి చూడటం మేలు.